అడక్కుండా రీస్టార్ట్ అయ్యే ల్యాప్‌టాప్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: ఇంటి నుంచే అనువాదాలు, డేటా ఎంట్రీ పనులు చేస్తుంటాను. ఆరు నెలల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్ ఉంది. మొన్న సగం రాసిన ఫైలు తెరిచి ఉంచి పడుకుంటే, తెల్లారేసరికి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయి, రాసిందంతా పోయింది. డెస్క్‌టాప్ మీది ఫైళ్లకు మేఘం గుర్తులు వచ్చాయి, స్టోరేజీ నిండిందని రోజూ మెసేజి వస్తోంది. మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ బయటికి తీసేసరికి వేడెక్కి ఉంటోంది, బ్యాటరీ సగానికి పడిపోతోంది. టైప్ చేస్తుంటే ఏదో విండో మీదికొచ్చి అక్షరాలు అందులో పడుతున్నాయి. కర్సర్ ఎటో గెంతుతోంది, భాష మారిపోతోంది. ప్రింట్ ఇస్తే వేరే ప్రింటర్‌కు వెళ్తోంది. తప్పు నాదా, సిస్టమ్‌దా? ఇలాంటివన్నీ ఒక్క దెబ్బకు తీసేసే టూల్ ఉందంటున్నారు, వేసుకోవచ్చా? లేదంటే విండోస్ 10కి వెళ్లిపోనా, లైనక్స్‌కి మారనా?
ఒక పాఠకురాలు

సమాధానం: తప్పు మీది కాదు. ల్యాప్‌టాప్ పాడైందనీ అనుకోకండి. మీరు రాసినవాటిలో ప్రతి ఒక్కటీ అలాగే పనిచేయాలని ఎవరో ఆలోచించి పెట్టిందే. ఒక్కోదాని వెనకా ఒక కారణం ఉంది, కొన్ని మంచి కారణాలే. చిక్కంతా ఎక్కడంటే, సిస్టమ్ మీ తరఫున నిర్ణయం తీసేసుకుంటుంది, తీసుకున్నట్టు మీకు కనబడనివ్వదు. అందుకే మీ చేతిలో ఏదో తప్పు జరిగినట్టు అనిపిస్తుంది.

వీటిని రెండు కుప్పలుగా విడదీయండి. పని పోగొట్టేవి ఒకటి, విసిగించేవి రెండోది. మొదటి కుప్పను ఈ రోజే సరిచేసుకోవాలి, రెండోది తీరిగ్గా చూసుకోవచ్చు. చాలామంది స్టార్ట్ మెనూ నడిమధ్యకు వచ్చిందని గంటలు ఖర్చుపెడతారు, ఫైళ్లు ఎక్కడున్నాయో మాత్రం చూసుకోరు.

అన్నిటికంటే ముందు, పోయిన ఫైలు సంగతి. అది వర్డ్‌లో రాసిందైతే ఆశ వదులుకోకండి. పేరు పెట్టి ఒక్కసారైనా సేవ్ చేసిన ఫైలైతే, వర్డ్ మళ్లీ తెరవగానే ఎడమవైపు డాక్యుమెంట్ రికవరీ పట్టీ వస్తుంది. అందులో చివరి టైమ్ ఉన్న కాపీని తెరిచి వెంటనే వేరే పేరుతో సేవ్ చేయండి. అసలు సేవే చేయని ఫైలైతే ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో మేనేజ్ డాక్యుమెంట్, దాని కింద రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ నొక్కండి. అలాంటి కాపీలను వర్డ్ నాలుగు రోజులే ఉంచుతుంది, కాబట్టి ఈ జవాబు చదవడం ఆపి ముందు అది చూసి రండి. ఇలా వర్డ్ తనంతట తాను కాపీ తీసే వ్యవధి మామూలుగా పది నిమిషాలు. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి దాన్ని రెండు నిమిషాలు చేసుకోండి. టైపింగే జీవనాధారమైనవారికి పది నిమిషాలంటే ఒక పేజీ.

ఇక రాత్రిపూట రీస్టార్ట్ ఎందుకు అయింది? విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ వాడుతున్న ఫైలుకు తాళం పడి ఉంటుంది. దాన్ని తీసేసి అదే చోట కొత్తది పెట్టడానికి వీలుండదు. సిస్టమ్ ఫైళ్లేమో మెషిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ వాడుకలోనే ఉంటాయి. అందుకని అప్‌డేట్ కొత్త కాపీని పక్కన సిద్ధంగా ఉంచుకుని, మళ్లీ మొదలయ్యేటప్పుడు, ఇంకా ఎవరూ పాతదాన్ని తెరవకముందే మార్చేస్తుంది. విండోస్‌కు బదులుగా వాడుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫైలు పేరు, దాని లోపలి డేటా విడివిడిగా ఉంటాయి. పేరును కొత్త డేటాకు తగిలించినా, పాతదాన్ని అప్పటికే తెరిచిన ప్రోగ్రామ్ మూసేదాకా పాతదానితోనే నడుస్తుంది. అందుకే అక్కడ రీస్టార్ట్‌లు తక్కువ. కర్నెల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం మారితే మాత్రం అక్కడా మామూలుగా తప్పదు. అంటే రీస్టార్ట్ అవసరం నిజమే. సేవ్ చేయని పని తెరిచి ఉందని తెలిసీ ఆగకపోవడమే డిజైన్ లోపం.

ఏం చేయాలంటే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవండి. యాక్టివ్ అవర్స్ అన్నచోట ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టండి. ఆ గంటల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. కానీ గరిష్ఠంగా 18 గంటలే ఇస్తుంది, 24 ఒప్పుకోదు. ఉదయం 6 నుంచి రాత్రి 12 వరకు పెట్టుకుంటే మిగిలిన ఆరు గంటలు దానివే. కాబట్టి తెరిచి ఉంచి పడుకోవడం అనే అలవాటుకు ఏ సెట్టింగూ పూర్తి కాపలా కాదు. అదే పేజీలో గెట్ మీ అప్ టు డేట్ అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే యాక్టివ్ అవర్స్‌లో కూడా రీస్టార్ట్ చేసే అధికారం ఇచ్చినట్టు, కాబట్టి ఆఫ్ చేయండి. రీస్టార్ట్ అవసరమైనప్పుడు తెలియజేయమనే స్విచ్‌ను మాత్రం ఆన్ చేయండి. ముందు పేజీలో అప్‌డేట్లు రాగానే వెంటనే కావాలా అని అడిగే స్విచ్ ఒకటుంది. పనికి వాడే మెషిన్‌లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచాలి.

రాత్రంతా నడవాల్సిన పని, ఉదాహరణకు పెద్ద ఫోల్డర్ కాపీయో వీడియో ఎగుమతో ఉంటే, ఆ సాయంత్రమే పాజ్ అప్‌డేట్స్ నొక్కి ఒక వారం ఆపండి. ఐదు వారాల దాకా ఆపవచ్చు, ఆ గడువు దాటాక ఉన్న అప్‌డేట్లు వేసుకోనిదే మళ్లీ ఆపనివ్వదు. శాశ్వతంగా ఆపేసే ఉపాయాలు వెతకకండి. అవి ముఖ్యంగా సెక్యూరిటీ కంతలు పూడ్చే అప్‌డేట్లు. 2003 నుంచి మైక్రోసాఫ్ట్ వాటిని ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. ఆ వారంలో ఒకరోజు పని ముగించాక, పవర్ బటన్ దగ్గర అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ కనబడితే మీరే నొక్కేయండి. ముహూర్తం మీరు పెడితే అది మీ పని మీద పడదు.

ఇంకో చిన్న మాయ ఉంది. సైన్ ఇన్ ఆప్షన్స్‌లో రీస్టార్ట్ తర్వాత యాప్‌లను తిరిగి తెరిచే స్విచ్ చూసి, పని కూడా తిరిగి వస్తుందనుకుంటారు. తిరిగి వచ్చేది విండో మాత్రమే. అందులో సేవ్ చేయని పదాలను కాపాడడం ఆ యాప్ బాధ్యత, అన్ని యాప్‌లూ ఆ బాధ్యత తీసుకోవు.

రీస్టార్ట్ మాట వచ్చింది కాబట్టి షట్‌డౌన్ గురించి కూడా. మెషిన్ మొరాయించినప్పుడు రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నాను కదా అని చాలామంది అంటారు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో సీపీయూ తెరిచి కింద అప్ టైమ్ అన్న అంకె చూడండి. నిన్న రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేసిన మెషిన్‌లో కూడా అక్కడ 12:04:31:07 అని, అంటే పన్నెండు రోజుల పైచిలుకు చూపించవచ్చు. ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. 2012లో విండోస్ 8తో వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రామ్‌లు మూసుకుంటాయి గానీ, కర్నెల్, డ్రైవర్ల (వైఫై లాంటి పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రామ్‌ల) స్థితి డిస్కు మీద ఒక ఫైల్లో భద్రం అవుతుంది. పొద్దున అదే తిరిగి పైకి వస్తుంది. నిన్న మొరాయించిన వైఫై డ్రైవర్ ఇవాళా అదే స్థితిలో లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అంతా తుడిచి మొదటి నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి దేన్నైనా బాగుచేయాలంటే రీస్టార్ట్, పడుకోబోయే ముందు షట్‌డౌన్ అని గుర్తుంచుకుంటే చాలు. ఎప్పుడైనా పూర్తిగా ఆపాలనుకుంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు ఉన్న మెషిన్‌లో ఫాస్ట్ స్టార్టప్ మిగిల్చేది కొన్ని సెకన్లే, శాశ్వతంగా తీసేసినా నష్టం లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ఎడమవైపు చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ, ఆ పైన చిన్న అక్షరాల్లో ఉండే చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్ నొక్కితేనే కింది టిక్కులు మార్చనిస్తుంది.

ఆ పేజీ మూసేయకండి, మీ బ్యాగు సమస్యకు మందు కూడా అక్కడే ఉంది.

పాత ల్యాప్‌టాప్‌లు నిద్రపోతే మెమరీకి తప్ప మిగతా భాగాలకు కరెంటు ఆగిపోయేది. ఈమధ్య వచ్చేవాటిలో చాలావాటికి మోడర్న్ స్టాండ్‌బై అనే పద్ధతి పెట్టారు. ఫోన్‌లాగా స్క్రీన్ ఆగిపోతుంది గానీ లోపల సిస్టమ్ నెమ్మదిగా మేలుకునే ఉంటుంది. నెట్‌కు తగులుతుంది, మెయిల్ చూస్తుంది, అప్‌డేట్ దింపుతుంది. బల్ల మీద ఉంటే పర్వాలేదు. గాలాడని బ్యాగులో ఏదో ఒక డ్రైవరో ప్రోగ్రామో దాన్ని నిద్రపోనివ్వకపోతే వేడి బయటికి పోయే దారి లేదు. మీదీ అదే రకమా అని తేల్చుకోవాలంటే స్టార్ట్‌లో టెర్మినల్ అని వెతికి, కమాండ్లు టైప్ చేసే ఆ విండో తెరిచి, పవర్ అనే మాట వెంటనే సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, ఏ కొట్టండి. పైన వచ్చే జాబితాలో స్టాండ్‌బై ఎస్0 లో పవర్ ఐడిల్ అని ఉంటే అదే.

దీనికి నమ్మకమైన పరిష్కారం హైబర్నేట్. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదకు రాసి, కరెంటు పూర్తిగా ఆపేస్తుంది. తెరిచిన విండోలు తెరిచినట్టే తిరిగి వస్తాయి. లేవడానికి నిద్ర కంటే కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, డిస్కులో మామూలుగా మెమరీ సైజులో 40 శాతం చోటు తీసుకుంటుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే దాదాపు ఆరున్నర జీబీ. ఇందాకటి పేజీలో కింద హైబర్నేట్‌కు టిక్ పెట్టి, పైన వెన్ ఐ క్లోజ్ ద లిడ్ అన్నచోట హైబర్నేట్ ఎంచుకుని సేవ్ చేయండి. జాబితాలో హైబర్నేటే లేకపోతే, టెర్మినల్‌ను రైట్‌క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాకటి కమాండ్‌లోనే స్లాష్ ఏ బదులు స్లాష్ హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొడితే వస్తుంది.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. ఆ వరుసలో ఆన్ బ్యాటరీ, ప్లగ్‌డ్ ఇన్ అని రెండు గళ్లుంటాయి. బ్యాగులో పెట్టేది బ్యాటరీ మీదే కదా అని మొదటి గడి ఒక్కటే మారుస్తారు. మూత మూసిన క్షణంలో ఛార్జర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే నిర్ణయం జరుగుతుంది. ఛార్జర్ తగిలించి ఉండగా మూత మూసి, ఆ తర్వాత వైరు పీకి బ్యాగులో పెడితే అది మామూలు నిద్రలోనే బ్యాగులోకి వెళ్తుంది. మోసుకెళ్లే మెషిన్‌కు రెండు గళ్లలోనూ హైబర్నేటే పెట్టండి.

ఇప్పుడు మేఘం గుర్తులు. నిదానంగా చదవండి, తొందరపడితే ఫైళ్లు చేజారేది ఇక్కడే.

కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయినప్పుడు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్, మామూలుగా మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను తన ఫోల్డర్ లోపలికి మార్చేస్తుంది. బ్యాకప్ అని పేరు గానీ, కాపీ తీయడం కాదు అది. అసలు ఫోల్డర్ చిరునామానే మారుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. డెస్క్‌టాప్ మీద నాలుగు వీడియోలు పెడితే నిండిపోతుంది, ఇక కొత్త ఫైళ్లు పైకి ఎక్కడం ఆగి రోజూ మెసేజి మొదలవుతుంది. ఫైలు పక్కన ఉండే గుర్తు చూడండి. ఖాళీ మేఘం ఉంటే ఆ ఫైలు మీ డిస్కులో లేదు, పేరు మాత్రమే ఉంది. నెట్ లేకపోతే తెరుచుకోదు. తెల్లటి వృత్తంలో పచ్చ టిక్ ఉంటే ప్రస్తుతానికి డిస్కులో ఉంది, చోటు చాలకపోతే తిరిగి మేఘంలోకి పోవచ్చు. నిండు పచ్చ వృత్తంలో తెల్ల టిక్ ఉంటేనే ఎప్పటికీ మీ దగ్గర ఉంటుంది.

వన్‌డ్రైవ్ వద్దనుకుంటే వరుస తప్పకుండా ఇలా చేయండి. మొదట డిస్కులో చాలినంత ఖాళీ ఉందో చూసుకోండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, అన్నీ ఎంచుకుని, రైట్‌క్లిక్‌తో ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ నొక్కండి. ప్రతి ఫైలుకూ నిండు పచ్చ గుర్తు వచ్చేదాకా ఆగండి, గంటలు పట్టినా సరే. ఆ తర్వాత ముఖ్యమైన ఫోల్డర్లను ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. అప్పుడు గడియారం పక్కనున్న మేఘం మీద నొక్కి, చక్రం గుర్తులోంచి సెట్టింగ్స్, సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌కు వెళ్లి ఒక్కో ఫోల్డర్ స్విచ్ ఆఫ్ చేయండి.

ఆఫ్ చేయగానే డెస్క్‌టాప్ ఖాళీ అయిపోవచ్చు. గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఫైళ్లు పోలేదు. విండోస్ మళ్లీ పాత డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను చూపిస్తోంది, మీ ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలి డెస్క్‌టాప్‌లోనే ఉండిపోయాయి. సీ డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, వన్‌డ్రైవ్, డెస్క్‌టాప్ తెరిచి, అన్నీ కట్ చేసి, సీ డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్‌లో పేస్ట్ చేయండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్‌కూ అంతే. ఇవన్నీ అయ్యాకే కావాలంటే వన్‌డ్రైవ్ నుంచి అన్‌లింక్ కావచ్చు. ముందే అన్‌లింక్ చేస్తే ఖాళీ మేఘం గుర్తున్న ఫైళ్లు మీ మెషిన్‌లోంచి మాయమై వెబ్‌సైట్‌లో మాత్రమే మిగులుతాయి.

వన్‌డ్రైవ్ ఉంచుకుంటే ఒక్కటి మరవకండి. అది అద్దం, బీరువా కాదు. ఇటు తీసేస్తే అటూ పోతుంది. ఫోన్‌లో చోటు కోసం వన్‌డ్రైవ్ యాప్‌లోంచి ఫొటో తీసేస్తే ల్యాప్‌టాప్‌లోనూ ఉండదు. వెబ్‌సైట్‌లోని రీసైకిల్ బిన్‌లో సొంత ఖాతాలకు 30 రోజులు ఉంటుంది, ఆపై లేదు. అది ఉంచుకున్నా తీసేసినా, కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ హిస్టరీని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కుతో ఆన్ చేసుకోండి. డిస్కు తగిలించి ఉంటే మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్ల కాపీ తీస్తుంది, పాత కాపీలనూ ఉంచుతుంది.

టైపింగ్‌లో వచ్చే మూడు చికాకులకు మూడు వేర్వేరు కారణాలున్నాయి.

విండో మీదికి రావడం పాతకాలపు జబ్బు. మీరు పాస్‌వర్డ్ కొడుతుంటారు. నాలుగు అక్షరాలు సరైన గడిలో పడతాయి. ఈలోగా చాట్ యాప్ తెరుచుకుని ముందుకు వస్తుంది. మిగతా నాలుగు అక్షరాలు అందులో పడతాయి, అలవాటుగా కొట్టిన ఎంటర్‌తో అవి ఎవరికో వెళ్లిపోతాయి. లేదా ఏదో డైలాగ్ బాక్స్ వచ్చి, మీరు కొట్టిన స్పేస్‌నే ఓకే కింద తీసుకుని మాయమవుతుంది, దేనికి ఒప్పుకున్నారో కూడా తెలియదు. వెనకనున్న ప్రోగ్రామ్ ఇలా ముందుకు దూకకుండా విండోస్ ఎప్పటి నుంచో కొన్ని కట్టడులు పెట్టింది. దూకబోయినవాటి గుర్తు టాస్క్‌బార్‌లో మెరుస్తుందే తప్ప పైకి రాకూడదు. కానీ మీరే మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌కు ముందుకు వచ్చే హక్కు ఇచ్చింది. మెషిన్ ఆన్ అవ్వగానే పదిహేను ప్రోగ్రామ్‌లు వరుసగా లేస్తుంటే ఈ కట్టడి నిలవదు. కాబట్టి వాటి సంఖ్యే తగ్గించాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, స్టార్టప్ తెరిచి, యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్‌కు చెందినవి తప్ప మిగతావి ఆఫ్ చేయండి. ఆఫ్ చేసినంత మాత్రాన ఆ యాప్‌లు పోవు, మీరు పిలిచినప్పుడే వస్తాయి. నిన్న రాత్రి ఏం ఇన్‌స్టాల్ అయిందో, ఏది కూలిందో తెలియాలంటే స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతకండి. రోజువారీ పట్టిక వస్తుంది, తేదీ నొక్కితే ఆ రోజు చిట్టా అంతా కింద ఉంటుంది.

కర్సర్ గెంతడం టచ్‌ప్యాడ్ వల్ల. టైప్ చేసేటప్పుడు బొటనవేలి కింది కండ తగిలితే అది క్లిక్ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్, ట్యాప్స్‌లో సెన్సిటివిటీని లోకు మార్చండి. మౌస్ వాడుతుంటే, మౌస్ తగిలించినా టచ్‌ప్యాడ్ పనిచేయాలనే టిక్ తీసేయండి.

భాష మారడానికి కారణం ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి వదలడం. కొన్ని సెటప్‌లలో కంట్రోల్, షిఫ్ట్ కూడా. అనువాదకులు పదాలు ఎంచుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, బాణం కీలు రోజుకు వందలసార్లు వాడతారు. బాణం నొక్కకుండా మనసు మార్చుకుని మొదటి రెండూ వదిలేస్తే కీబోర్డు మారిపోతుంది. టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరవండి. చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి రెండు వైపులా నాట్ అసైన్డ్ పెట్టండి. ఇక విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కినప్పుడే మారుతుంది, పొరపాటున నొక్కే జంట కాదది. అదే పేజీలో ఒక్కో యాప్ విండోకు ఒక్కో ఇన్‌పుట్ పద్ధతి అనే టిక్ పెట్టుకుంటే, బ్రౌజర్‌లో ఇంగ్లిష్, వర్డ్‌లో తెలుగు దేనికది నిలుస్తాయి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టికీ కీస్ ప్రశ్నను యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో దాని షార్ట్‌కట్ ఆఫ్ చేసి ఆపవచ్చు.

ప్రింటర్ సంగతి ఒక్క స్విచ్. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్ ఆన్‌లో ఉంటే, అక్కడ మీరు చివరిసారి వాడిందే డిఫాల్ట్ అయిపోతుంది. నిన్న ఒక్కసారి పీడీఎఫ్‌గా ప్రింట్ తీస్తే ఇవాళ అదే. ఆఫ్ చేసి, మీ ప్రింటర్ తెరిచి సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పి తీరాలి. విండోస్ ఫైలు పేరు చివరి ముక్కను దాచిపెడుతుంది. ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అనే ప్రోగ్రామ్ మీ కళ్లకు ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్‌గా కనిపిస్తుంది. 2000 మే నెలలో లోకమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ ఈ దాపరికం చాటునే, డాట్ టీఎక్స్‌టీ వెనక డాట్ వీబీఎస్ పెట్టుకుని, ప్రేమలేఖ వేషంలో వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ డిఫాల్ట్ మారలేదు, మారకపోవడం సమర్థించుకోలేని పని. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేయండి. పేరు మార్చేటప్పుడు చివరి ముక్క చెరిగిపోతుందేమో అన్న భయం వద్దు, ఎఫ్2 నొక్కితే చుక్కకు ముందు భాగమే ఎంపికవుతుంది.

ఫైళ్లను మౌస్‌తో లాగేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైలు తరలిపోతుంది, వేరే డ్రైవ్‌కు లాగితే కాపీ అవుతుంది. ఒకే చేతి కదలిక, రెండు ఫలితాలు. కుడి బటన్‌తో లాగి వదలండి, ఏం చేయమంటారో అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లోకి రాదని కూడా గుర్తుంచుకోండి.

రెండో కుప్ప గురించి ఎక్కువ చెప్పను. రైట్‌క్లిక్ మెనూ పొట్టిగా ఉండి కావలసింది కనబడకపోతే, షిఫ్ట్ పట్టుకుని రైట్‌క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది. సెటప్ పూర్తి చేద్దాం అంటూ అప్పుడప్పుడు స్క్రీన్ నిండా వచ్చే పేజీ ఉంది చూశారూ, దాన్ని మాత్రం మొదటి కుప్పలోనే పెట్టాలి. తొందరలో కంటిన్యూ నొక్కితే ఫోల్డర్ల బ్యాకప్ లాంటివి మళ్లీ ఆన్ అవుతాయి. సిస్టమ్, నోటిఫికేషన్స్‌లో అట్టడుగున అడిషనల్ సెట్టింగ్స్ విప్పి మూడు టిక్కులూ తీసేయండి.

అన్నీ ఒక్క దెబ్బకు తీసే టూల్ వద్దు. అలాంటి స్క్రిప్టులు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, పదుల కొద్దీ మార్పులు చేస్తాయి, మైక్రోసాఫ్ట్ స్టోర్‌ను, ఇతర యాప్‌లు ఆధారపడే భాగాలను కూడా పీకేస్తాయి. మూడు నెలల తర్వాత అప్‌డేట్ విఫలమైతే దేనివల్లో కనిపెట్టడం అసాధ్యం. పైన చెప్పినవన్నీ విండోస్ తన సొంత సెట్టింగుల్లో ఇచ్చినవే, ఒకటి నచ్చకపోతే అదొక్కటే వెనక్కి తిప్పుకోవచ్చు. రోజుకు రెండు మూడు మార్చి, ఏం మార్చారో ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్ 11కి ఏడాదికోసారి పెద్ద అప్‌డేట్ వస్తుంది. అది వేసుకున్నాక ఆ కాగితం తీసి, ముఖ్యంగా వన్‌డ్రైవ్ బ్యాకప్, మూత సెట్టింగు, స్టార్టప్ యాప్‌లు మళ్లీ చూడండి.

విండోస్ 10కి వెళ్లడం సరికాదు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

లైనక్స్ మంచి ఆలోచనే, కానీ ఏం తీరుతుందో తెలిసి వెళ్లండి. బలవంతపు రీస్టార్ట్, వన్‌డ్రైవ్ గొడవ పోతాయి. బ్యాగులో వేడి పోతుందన్న హామీ లేదు. పాత పద్ధతి నిద్రను మీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేరే (తయారీలోనే మెషిన్‌లో పెట్టే మూల సాఫ్ట్‌వేర్) తీసేసి ఉంటే లైనక్స్ కూడా ఆ కొత్త పద్ధతి నిద్రనే వాడుకోవాలి. మీ అనువాద సాఫ్ట్‌వేర్ అక్కడ నడుస్తుందో లేదో ముందే చూడాలి. ఇన్‌స్టాల్ చేయకుండా 8 జీబీ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ప్రింటర్, తెలుగు కీబోర్డు, మీ పాత వర్డ్ ఫైళ్లలో పట్టికలు సరిగా వస్తున్నాయో లేదో ఒక పూటలో తేలిపోతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టేముందు ఒక్క పని. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులోని డేటాకు వేసే తాళం ఆన్ అయి ఉంటుంది, ఆన్ అయినట్టు మీకు తెలిసుండకపోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ లాంటివి మారిస్తే, మళ్లీ విండోస్ తెరిచేటప్పుడు ఆ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్కులోని మీ ఫైళ్లను తెరిచే దారి లేదు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌పేజీలో డివైసెస్ కింద ఆ కీ ఉంటుంది. ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే పెన్‌డ్రైవ్ పెట్టండి.